ఒంట్లో చేరితే ఓ పట్టాన పోని రసాయనాలు: ఇంట్లో ఏ పని ముందు, ఏది తర్వాత

"ఎప్పటికీ పోని రసాయనాలు" అన్న వార్త కనపడగానే చాలామంది నేరుగా వంటింట్లోకి వెళ్లి నాన్‌స్టిక్ పెనం తీసి బయట పడేస్తారు. నేనూ అదే చేశాను. పెనం పడేసి, పెద్ద పని అయిపోయిందనుకుని, ఆ సాయంత్రమే పెచ్చులూడుతున్న పాత కిటికీ రంగును శాండ్‌పేపర్‌తో పొడిపొడిగా గీకుతూ కూర్చున్నాను. పక్కనే నేల మీద మా చిన్నవాడు పాకుతున్నాడు. ఆ రంగులో సీసం ఉండొచ్చన్న ఆలోచనే రాలేదు. ఏళ్ల తరబడి ఆ పెనం మీద వండుకున్నా రాని ముప్పు ఆ ఒక్క గంట దుమ్ములో ఉండొచ్చని తెలిసేసరికి చాలా కాలం పట్టింది.

ఏం చేయాలో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు, ఏది ముందు చేయాలో చెప్పేవాళ్లు తక్కువ. అందుకే కింద పనులన్నీ నాకు ముఖ్యం అనిపించిన వరసలో పెట్టాను. డబ్బో ఓపికో మధ్యలో అయిపోతే అక్కడే ఆపేయండి, పైవి చేసి ఉంటే సగం పైన గట్టెక్కినట్టే.

ముందు వీటి తత్వం కొంచెం

ఇది దాటేసి కిందికి వెళ్లకండి, ఇది తెలిస్తే మిగతావి గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఈ రసాయనాలు మూడు రకాలు అనుకోండి.

ఒకటి, కొవ్వులో దాక్కునేవి. ప్లాస్టిక్ లాంటివి కాలినప్పుడు పుట్టే డయాక్సిన్లు, పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలో వాడిన పీసీబీలు, డీడీటీ లాంటి పాత పురుగుమందులు, సోఫా ఫోముల్లో మంట అంటుకోకుండా కలిపిన కొన్ని బ్రోమిన్ రసాయనాలు. ఇవి నీళ్లలో దాదాపు కరగవు, కొవ్వు దొరికితే వదలవు. గడ్డి మీద పడిన కాస్త డయాక్సిన్‌ను పశువు తిని తన కొవ్వులో పోగేసుకుంటుంది, అక్కణ్నుంచి పాలలోకి, మాంసంలోకి. చిన్న చేపను పెద్ద చేప, దాన్ని ఇంకా పెద్ద చేప తింటూ పోతే ఒక్కో మెట్టుకీ మోతాదు చిక్కబడుతుంది.

రెండు, పీఫాస్ అనే వేల రసాయనాల కుటుంబం. నీరు, నూనె, మరక ఏదీ అంటకుండా చేయడం వీటి పని. కార్బన్‌కీ ఫ్లోరిన్‌కీ మధ్య ఉన్న ముడి సేంద్రియ రసాయనాల్లోకెల్లా గట్టి ముళ్లలో ఒకటి, ఎండకీ సూక్ష్మజీవులకీ తెగదు. వీటిలో బాగా పరిశోధించినవి కొవ్వులో కాకుండా రక్తంలోని ప్రొటీన్లను పట్టుకుని తిరుగుతాయి.

మూడు, లోహాలు. సీసం, పాదరసం. ఇవి మూలకాలు కాబట్టి విరిగిపోయే ప్రశ్నే లేదు.

ఇప్పుడు అసలు సంగతి. ఒంట్లోకి చేరిన మోతాదు సగానికి తగ్గడానికి పట్టే కాలం చూడండి. డయాక్సిన్లలో అత్యంత విషపూరితమైన టీసీడీడీకి 7 నుంచి 11 ఏళ్లు. పీఫాస్‌లో ఒకటైన పీఎఫ్ఓఎస్‌కి దాదాపు 5 ఏళ్లు. సీసానికి రక్తంలో నెల రోజులే గానీ ఎముకలో చేరితే 10 నుంచి 30 ఏళ్లు. చేపల్లో ఉండే మిథైల్ పాదరసానికి మాత్రం రెండు నెలలు అటూ ఇటూ. అంటే పిల్లల కోసం ప్లాన్ చేసుకుంటున్న ఆవిడ పాదరసం ఎక్కువుండే చేపలు ఆరు నెలల ముందు మానేస్తే చాలా మేలు కనిపిస్తుంది, పీఎఫ్ఓఎస్ విషయంలో ఆరు నెలల్లో పెద్దగా కదలిక ఉండదు. కాబట్టి లోపలున్నదాన్ని కడిగేసే మాట అటుంచి, రోజూ లోపలికి పోతున్న దారి మూయడమే మన చేతిలో ఉన్న పని. నిషేధం పెడితే పోతాయా అంటే, డీడీటీని అమెరికా 1972లోనే నిషేధించింది, అది విరిగితే తయారయ్యే డీడీఈ ఇప్పటికీ అక్కడి జనం రక్తంలో కనిపిస్తూనే ఉంది.

మొదటి పని: కాగితం మీద మీ ఇంటి లెక్క రాసుకోండి

పది నిమిషాల పని. మీరు తాగే నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయి, బోరా, సరఫరానా? దగ్గర్లో ఫ్యాక్టరీ, చెత్త కుప్ప, పాత బ్యాటరీలు కరిగించే చోటు, విమానాశ్రయం ఏమైనా ఉన్నాయా? విమానాశ్రయం ఎందుకంటే పెట్రోలు మంటలు ఆర్పే నురగలో పీఫాస్ వాడేవారు, శిక్షణ కోసమే ఏళ్ల తరబడి నేల మీద పోసిన చోట్లు ప్రపంచంలో చాలా ఉన్నాయి, కింద భూగర్భ జలాల్లో ఇప్పటికీ అది తిరుగుతోంది. ఇల్లు ఎంత పాతది, రంగు పెచ్చులూడుతోందా? ఇంట్లో ఎవరైనా వెల్డింగ్, పెయింటింగ్, బ్యాటరీలు, పాత ఎలక్ట్రానిక్స్ విప్పడం లాంటి పనుల్లో ఉన్నారా? ఆరేళ్ల లోపు పిల్లలు, గర్భిణి ఉన్నారా?

ఆఖరి ప్రశ్నకి అవును అయితే మిగతా వాటిలో దేనికి అవును వచ్చినా అక్కణ్నుంచే మొదలుపెట్టండి, నా వరస పక్కన పెట్టేయండి.

రెండో పని: నీళ్లు

సరఫరా నీళ్లయితే ఇచ్చేవాళ్లని పరీక్ష నివేదిక అడగండి. సీసం, ఆర్సెనిక్, పీఫాస్ అని పేరు పెట్టి అడగాలి, ఊరికే "నీళ్లు బాగున్నాయా" అంటే "బ్రహ్మాండంగా ఉన్నాయి" అనే జవాబే వస్తుంది. సొంత బోరు అయితే పరీక్ష బాధ్యత మీదే. మామూలు ల్యాబ్ సీసం చూడగలదు. పీఫాస్‌కి ప్రత్యేకమైన యంత్రం ఉన్న ల్యాబ్ కావాలి, ఖర్చు ఎక్కువ, పైన చెప్పిన అనుమానాలేవీ లేకపోతే దానికి తొందరపడనక్కర్లేదు. నివేదికలో అంకెలు లీటరుకు నానోగ్రాముల్లో వస్తాయి, నానోగ్రాము అంటే గ్రాములో నూరు కోట్లవ వంతు. ఎంత తక్కువో అర్థం కావాలంటే, 2024లో అమెరికా పర్యావరణ సంస్థ తాగునీటికి పెట్టిన హద్దు, పీఫాస్‌లోనే మరొకటైన పీఎఫ్ఓఎకి లీటరుకు 4 నానోగ్రాములు, పీఎఫ్ఓఎస్‌కి మరో 4.

ఇక్కడ నా కథ ఒకటి. ఫిల్టర్ అమ్మడానికి వచ్చినాయన పెన్ను లాంటి టీడీఎస్ మీటర్ మా గ్లాసులో ముంచి, అంకె చూపించి, "చూశారా సార్, ఎంత విషం తాగుతున్నారో" అన్నాడు. నేను బెదిరిపోయి కొనేశాను. ఆ మీటర్ చూసేది నీళ్లలో కరిగిన లవణాల వల్ల కరెంటు ఎంత పారుతోందన్నది మాత్రమే. కాల్షియం, మెగ్నీషియం, ఉప్పు అన్నీ కలిపి లెక్క. అది చూపేది మిల్లీగ్రాముల్లో, మనం వెతికే పీఫాస్ నానోగ్రాముల్లో, మధ్య తేడా పది లక్షల రెట్లు. టీడీఎస్ 50 ఉన్న నీళ్లలో సీసం ఉండొచ్చు, 600 ఉన్న నీళ్లలో లేకపోవచ్చు. మీటర్ ముంచి భయపెట్టేవాడు కనపడితే టీ ఇచ్చి పంపించేయండి.

మరిగిస్తే? సూక్ష్మజీవులు చస్తాయి, అంతే. సీసం, ఆర్సెనిక్, పీఫాస్ పోవు సరికదా నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకాస్త చిక్కబడతాయి. యూవీ దీపం కూడా క్రిములకే. రసాయనాలకి పనికొచ్చేవి మూడు: ఆర్ఓ పొర, మంచి యాక్టివేటెడ్ కార్బన్, అయాన్ ఎక్స్‌చేంజ్ రెసిన్. కొనేముందు పెట్టె మీద ఎన్‌ఎస్‌ఎఫ్ (ఫిల్టర్లను పరీక్షించి ముద్ర వేసే సంస్థ) ముద్ర పక్కన నంబర్ చూడండి. 42 అంటే రుచి, వాసన, క్లోరిన్ సంగతి మాత్రమే. ఆరోగ్యానికి సంబంధించిన రసాయనాలకైతే 53, ఆర్ఓకి 58. ఆ నంబర్ ఉన్నంత మాత్రాన కూడా సరిపోదు, ఏ రసాయనానికి పరీక్షించారో కింద జాబితా ఉంటుంది, మీకు కావాల్సిన పేరు అందులో ఉండాలి.

కార్ట్రిడ్జ్ మార్చిన తేదీ మార్కర్‌తో ఫిల్టర్ మీదే రాయండి. నిండిపోయిన కార్బన్ ఇక ఏదీ పట్టదు, ఒక్కోసారి పట్టినదాన్నే తిరిగి వదులుతుంది, అప్పుడు ఫిల్టర్ లేనప్పటికన్నా అన్యాయం. ఇల్లు మొత్తానికి ఫిల్టర్ పెట్టించుకోనక్కర్లేదు, చర్మం గుండా పీఫాస్ లోపలికి వెళ్లేది చాలా తక్కువ కాబట్టి తాగడానికి, వండడానికి ఒక కుళాయి చాలు. మీ నీళ్లలో పీఫాస్ ఉందని తేలితే మాత్రం ఆర్ఓ వదిలేసే నీళ్లను కూరగాయల మొక్కలకు పోయకండి, తీసేసినదంతా అందులోనే ఉంటుంది.

సీసం చాలాసార్లు నీళ్లలో రాదు, పైపుల్లో, జాయింట్ల టంకంలో, ఇత్తడి కుళాయిలో కలుస్తుంది. రాత్రంతా నిలిచిన నీళ్లను పొద్దున్నే కాసేపు వదిలేసి తర్వాత పట్టుకోండి. వేడినీళ్ల కుళాయి నుంచి తాగడానికి, పసిపిల్లల పాలపొడి కలపడానికి ఎప్పుడూ పట్టకండి, వేడికి సీసం ఎక్కువ కరుగుతుంది. కుళాయి మూతికి ఉండే చిన్న జల్లెడ విప్పి అప్పుడప్పుడు కడగండి, అందులో చిక్కుకునే నలుసుల్లో సీసం ఉండొచ్చు.

మూడో పని: ప్లాస్టిక్ కాల్చడం ఆపండి

దీనికి ఒక్క పైసా ఖర్చు లేదు, అయినా చాలామంది చేయరు. పీవీసీలో క్లోరిన్ ఉంటుంది. అది సగం సగం మంటలో కాలి, పొగ సుమారు 200 నుంచి 450 డిగ్రీల మధ్య చల్లబడుతున్నప్పుడు డయాక్సిన్లు తయారవుతాయి, రాగి తోడైతే ఇంకా జోరుగా తయారవుతాయి. కరెంటు వైర్లు కాల్చి రాగి తీయడం అందుకే అన్నిటికన్నా చెడ్డది, క్లోరిన్, మంట, రాగి మూడూ ఒకే చోట. యూరప్‌లో చెత్త దహనశాలలు వాయువును కనీసం 850 డిగ్రీల దగ్గర 2 సెకన్లు ఉంచాలని నియమం పెట్టింది ఇందుకే. పెరట్లో మంట ఆ వేడికి చేరదు.

పైపు ముక్కలు, ఫ్లెక్సీలు, రెగ్జిన్, చెప్పులు, రంగు వేసిన పాత చెక్క, వీటిలో ఏదీ కాల్చకండి. ఆ బూడిద మొక్కలకు వేయకండి, కోళ్లు తిరిగే చోట అసలు వేయకండి. కోడి మట్టి గీరుకుని తింటుంది, మట్టిలో ఉన్న డయాక్సిన్ గుడ్డులోకి వచ్చేస్తుంది. చెత్త కాల్చే చోట్లకి దగ్గర్లో తిరిగే కోళ్ల గుడ్లలో ఎక్కువ మోతాదులు దొరకడం చాలా దేశాల్లో జరిగింది.

నాలుగో పని: దుమ్ము, చేతులు

పాత ఫోము, టీవీ డబ్బాలు, తివాచీలు కొంచెం కొంచెంగా రాలుస్తూ ఉంటాయి, రాలినదంతా దుమ్ములో చేరుతుంది. పాకే పిల్లలకి ఆ దుమ్మే ఒక ఆహారం లాంటిది, చెయ్యి నేల మీద, మళ్లీ నోట్లో. పొడి చీపురు దాన్ని గాల్లోకి లేపి ఇంకో మూల దించుతుంది, తడిగుడ్డ తీసుకుపోతుంది. కిటికీ అడుగు గట్లు, పిల్లలు ఆడుకునే మూల, మంచం కింద తడిగుడ్డతో తుడవండి. తినేముందు పిల్లల చేతులు సబ్బుతో కడగండి, శానిటైజర్ క్రిముల్ని చంపుతుంది గానీ సీసాన్ని ఎక్కడికీ తీసుకుపోదు. బొమ్మలు కూడా కడగండి. ఫోము బయటపడి పిండిలా రాలుతున్న కుర్చీ ఉంటే దాన్ని ముందు వదిలించుకోండి.

ఇక రంగు. పాత రంగు నున్నగా, పెచ్చులు లేకుండా ఉంటే ముట్టుకోకండి, మీద కొత్త పూత వేసేయండి. ఊడుతుంటే ముందు ఒక పెచ్చు ల్యాబ్‌కి ఇచ్చి పరీక్ష చేయించండి. సీసం ఉందని తేలితే పొడిగా గీకడం, మంటతో కాల్చి తీయడం రెండూ వద్దు. నీళ్లు చల్లి తడిపి, కింద ప్లాస్టిక్ షీటు పరిచి, పిల్లల్నీ గర్భిణినీ ఆ రోజంతా వేరే చోటికి పంపించి, మాస్కు పెట్టుకుని చేయాలి, పని పెద్దదైతే తెలిసినవాళ్లతో చేయించాలి. రోడ్డు పక్క ఇళ్లవాళ్లకి ఇంకోమాట. కార్లలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకం ప్రపంచం మొత్తం మీద ఆగింది 2021లో, ఆఖరి దేశం అల్జీరియా. అన్ని దశాబ్దాల పాటు పొగలో వచ్చిన సీసం రోడ్ల పక్క మట్టిలోనే ఉంది, కాబట్టి చెప్పులు గుమ్మం బయటే.

ఐదో పని: తిండి, కానీ భయపడి మానేయడానికి కాదు

డయాక్సిన్లు మనిషికి చేరేది 90 శాతానికి పైగా తిండి ద్వారానే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, ముఖ్యంగా మాంసం, పాల పదార్థాలు, చేపలు. మాంసం కొవ్వు కత్తిరించేయండి, చేప చర్మం తీసేయండి, కొవ్వు కారిపోయేలా వండి ఆ కారిన కొవ్వు పారబోయండి. దీంతో డయాక్సిన్లు, పీసీబీలు తగ్గుతాయి. పాదరసం, పీఫాస్ తగ్గవు, అవి కండలోనే ఉంటాయి. పై మూడు రకాలు ఎందుకు గుర్తుపెట్టుకోమన్నానో చూశారా.

పాదరసానికి చేప పరిమాణం చూడాలి. సొరచేప, కత్తిచేప లాంటి పెద్ద వేట చేపల్లో ఎక్కువ. గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లలు వాటికి దూరంగా ఉండి చిన్న చేపలు తింటే సరి. చేపలే మానేయడం తప్పు, బిడ్డ మెదడుకు కావాల్సినవి వాటిలో ఉన్నాయి. ఫ్యాక్టరీ కాలువల్లో, కలుషితమని తేలిన చెరువుల్లో పట్టిన చేపలు మాత్రం ఎవరికీ వద్దు.

ఇనుము, కాల్షియం తక్కువ ఉన్న పిల్లల ఒళ్లు సీసాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది. కాబట్టి పిల్లవాడికి రక్తహీనత ఉంటే దాన్ని సరిచేయడం కూడా సీసం నుంచి కాపాడటమే. గర్భిణిలో ఇంకో చిక్కు, బిడ్డకు కాల్షియం ఇవ్వడానికి ఎముక కరిగినప్పుడు చిన్నప్పటి సీసం కూడా రక్తంలోకి వస్తుంది, డాక్టరు రాసిన కాల్షియం మాత్రలు అశ్రద్ధ చేయకండి.

ఆరో పని: వస్తువులు

ఇప్పుడు పెనం దగ్గరికి వచ్చాం. నాన్‌స్టిక్ పూత గట్టిపడిన పెద్ద పాలిమర్, పెచ్చు ఊడి కడుపులోకి పోయినా దాదాపు అలాగే బయటికి పోతుంది. 260 డిగ్రీలు దాటి ఖాళీగా మాడితే మాత్రం వచ్చే పొగ మంచిది కాదు, పంజరంలో పక్షులున్న ఇంట్లో అయితే అవి చచ్చిపోతాయి కూడా. ఖాళీ పెనం పొయ్యి మీద పెట్టి మర్చిపోకండి, పాడయ్యాక ఇనుప పెనం కొనుక్కోండి. ఆ పూతలు తయారుచేసే చోట పడిన కాలుష్యం మాత్రం వేరే కథ, దానికి కింద వస్తాను.

పెనం కన్నా ముందు చూడాల్సినవి: నూనె అంటని కాగితపు పొట్లాలు, "మరక పడదు" అని అమ్మే సోఫా బట్టలు, తివాచీలు, బట్టల మీద కొట్టే వాటర్‌ప్రూఫ్ స్ప్రేలు. స్ప్రే అన్నిటికన్నా చెడ్డది, నేరుగా ఊపిరితిత్తుల్లోకి. సౌందర్య సాధనాల మీద పదార్థాల జాబితాలో "ఫ్లోరో" అన్న ముక్క కనపడితే పక్కన పెట్టండి.

రంగు తెల్లబడే క్రీములు. కొన్నిటిలో పాదరసం కలుపుతారు. లేబుల్ మీద మెర్క్యూరస్ క్లోరైడ్, మెర్క్యూరిక్, కాలొమెల్ అని ఉంటే అదే. పేరు రాయకపోయినా ఒక గుర్తు ఉంది, "వెండి, బంగారు నగలకు తగలనివ్వకండి" అని రాసి ఉంటే అనుమానించండి. వాడేవాళ్ల కిడ్నీలకే కాదు, అదే తువ్వాలు వాడి అదే దిండు మీద పడుకునే పిల్లలకీ ప్రమాదం.

ఇంట్లో ఎవరైనా సీసంతో, పాత రంగుతో, మంటలు ఆర్పే నురగతో పనిచేస్తుంటే వాళ్ల పని బట్టలు పని దగ్గరే మార్చుకోవాలి, వేరుగా ఉతకాలి, పిల్లల్ని ఎత్తుకునే ముందు స్నానం చేయాలి. మిగతా పనులన్నీ చేసి ఇది వదిలేస్తే చేసినదంతా బూడిదలో పోసిన పన్నీరే.

ఏడో పని: డాక్టర్ దగ్గరికి ఎప్పుడు, ఏమని అడగాలి

ముందు ఇవి ఒంటికి ఏం చేస్తాయో సూటిగా. ఒకేసారి ఎక్కువ మోతాదు పడితే కళ్లకు కనిపిస్తుంది. 1976 జులైలో ఇటలీలోని సెవెసో దగ్గర ఫ్యాక్టరీ ప్రమాదంలో డయాక్సిన్ మేఘం పడ్డాక పిల్లల ముఖాల నిండా క్లోరాక్నే అనే మొండి మొటిమలు వచ్చాయి. 1968లో జపాన్‌లో తవుడు నూనె తయారీలో పైపు కారి పీసీబీలు కలిశాయి, తిన్నవాళ్లకి చర్మం, కళ్లు, నరాలు దెబ్బతిన్నాయి, తల్లులకు ముదురు రంగు చర్మంతో బిడ్డలు పుట్టారు. సరిగ్గా అలాంటి ప్రమాదమే 1979లో తైవాన్‌లో మళ్లీ జరిగింది. జపాన్‌లోనే మినమాటా అనే ఊళ్లో ఫ్యాక్టరీ వదిలిన పాదరసం చేపల గుండా మనుషుల నరాల్ని తినేసింది, ఆ జబ్బును 1956లో గుర్తించారు.

మనలో ఎక్కువమందికి జరిగేది అది కాదు, చుక్క చుక్కగా ఏళ్ల తరబడి చేరడం. దానికి లక్షణం అంటూ ఉండదు. అమెరికాలో ఓహైయో నది ఒడ్డున నాన్‌స్టిక్ రసాయనం తయారీ వల్ల నీళ్లు కలుషితమైన ఊళ్లలో సుమారు 69,000 మందిని పరీక్షించారు. పీఎఫ్ఓఎకి ఆరు జబ్బులతో సంబంధం ఉండే అవకాశం ఎక్కువని నిపుణుల బృందం తేల్చింది: అధిక కొలెస్ట్రాల్, థైరాయిడ్ జబ్బు, పెద్దపేగు పుండ్లు పడే అల్సరేటివ్ కొలైటిస్, గర్భంతో వచ్చే బీపీ, కిడ్నీ క్యాన్సర్, వృషణ క్యాన్సర్. పిల్లల్లో టీకాకు యాంటీబాడీలు తక్కువగా రావడం కూడా పీఫాస్ విషయంలో గట్టి ఆధారాలున్న సంగతి. 2023లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ పీఎఫ్ఓఎను మనిషికి క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది, టీసీడీడీ, పీసీబీలు అంతకుముందే ఆ వర్గంలో ఉన్నాయి. సీసం పిల్లల తెలివిని, ధ్యాసను కొరికేస్తుంది, పెద్దల్లో బీపీ, కిడ్నీలు. సీసానికి "ఇంతవరకు ఫర్వాలేదు" అనే హద్దు ఇప్పటికీ ఎవరూ చూపలేకపోయారు.

ఇవన్నీ చదివి నాకు థైరాయిడ్ ఉంది కాబట్టి నీళ్ల వల్లే అనుకోకండి. వేలమందిలో రేటు కాస్త పెరగడం వేరు, మీ ఒక్కరి జబ్బుకి కారణం చెప్పడం వేరు, రెండోది దాదాపు ఎవరూ చేయలేరు.

కాబట్టి డాక్టర్‌తో ఇలా మాట్లాడండి. "పాత ఇల్లు, రంగు ఊడుతోంది, బాబుకి రెండేళ్లు, రక్తంలో సీసం చూద్దామా?" ఈ పరీక్ష నిజంగా పనికొస్తుంది, ఎందుకంటే ఫలితం బట్టి చేయాల్సిన పని ఉంది. అమెరికాలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాములు దాటితే కారణం వెతకడం మొదలుపెడతారు. వేలి నుంచి తీసిన చుక్కలో ఎక్కువ వస్తే కంగారు పడకుండా నరం నుంచి తీయించి మళ్లీ చూడండి, వేలి మీద దుమ్ము కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. పీఫాస్ రక్తపరీక్ష మాత్రం మీ నీళ్లు కలుషితమని తేలితేనో, ఆ పనిలో ఉంటేనో చేయించుకోండి. ఎక్కువ వచ్చినా దానికి ప్రత్యేక మందంటూ లేదు, కొలెస్ట్రాల్, థైరాయిడ్, కిడ్నీల మీద ఒక కన్ను వేసి ఉంచుతారు. జుట్టు కత్తిరించి పంపిస్తే అన్ని విషాలూ చెప్పేస్తామనే ప్యాకేజీలకి డబ్బు పోయకండి.

చేయకూడనివి

డీటాక్స్ టీలు, పాదాల కింద నల్లబడే పట్టీలు, ఇవి కొన్నవాళ్లకి తగ్గేది జేబు బరువే. ఒంట్లోని లోహాన్ని మందుతో పట్టి బయటికి పంపే చిలేషన్ అనే చికిత్స నిజమైనదే, కానీ అది పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు 45 మైక్రోగ్రాములు దాటినప్పుడు, ఆసుపత్రిలో, డాక్టరు చూస్తుండగా ఇచ్చేది. తప్పు మందు ఎక్కించి రక్తంలో కాల్షియం పడిపోయి పిల్లలు చనిపోయిన సందర్భాలున్నాయి. కఠిన ఉపవాసాలతో గబగబా బరువు తగ్గడం కూడా కొంత ఆలోచించాల్సిందే, కొవ్వు కరిగేకొద్దీ అందులో దాక్కున్నవి రక్తంలోకి వస్తాయి, మెల్లగా తగ్గండి. గర్భంతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు ఆ జోలికే వద్దు.

ఆస్ట్రేలియాలో 285 మంది అగ్నిమాపక సిబ్బందితో చేసిన ఒక ప్రయోగం 2022లో వచ్చింది. ఏడాది పాటు క్రమంగా రక్తం ఇచ్చినవాళ్లలో పీఎఫ్ఓఎస్ తగ్గింది, ప్లాస్మా ఇచ్చినవాళ్లలో ఇంకా తగ్గింది. రక్తదానం ఎలాగూ మంచిదే, చేసేవాళ్లు చేయండి. దీనికోసమే పరిగెత్తనక్కర్లేదు, తగ్గిన అంకె వల్ల జబ్బులు తగ్గాయని ఆ ప్రయోగం చూపలేదు.

తల్లిపాలు మానకండి. పాలలో ఇవి దొరుకుతాయన్న మాట నిజమే, చదివి చాలామంది తల్లులకి టెన్షన్ పట్టుకుంటుంది. అయినా మామూలు పరిస్థితుల్లో పాలవల్ల బిడ్డకు వచ్చే మేలే ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. కలుషిత ప్రాంతమని ఖాయంగా తెలిస్తే డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి, వార్త చదివి కాదు.

ఎనిమిదో పని: అటక మీద ఉన్నవి

చివరిది, సెలవు రోజు చూసుకోండి. పాత పురుగుమందు డబ్బాలు, పాదరసం థర్మామీటర్లు, ట్యూబులైట్లు, పాత రంగు డబ్బాలు ఏమున్నాయో దించి చూడండి. కాలువలో పోయకండి, పాతిపెట్టకండి, కాల్చకండి. మూత బిగించి, పేరు రాసి, పిల్లలకి అందకుండా పెట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే ఏర్పాటు ఎప్పుడు ఎక్కడ ఉందో కనుక్కుని అప్పగించండి. థర్మామీటర్ పగిలితే చీపురు, వాక్యూమ్ క్లీనర్ రెండూ వాడకూడదు, బొట్లు ఇంకా చిన్నవై ఆవిరవుతాయి. కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపి, గట్టి అట్టముక్కతో బొట్లు దగ్గరికి తోసి, సన్నవాటిని టేపుతో అద్ది తీసి, అన్నీ ఒక సీసాలో వేసి మూత పెట్టండి.

మా కిటికీ సంగతి అడుగుతారేమో. పెచ్చు పరీక్షకిస్తే సీసం ఉందనే వచ్చింది. గీకడం మానేసి, తడిపి ఊడేవరకు మాత్రం ఊడదీసి, మీద కొత్త పూత వేయించాం. మావాడి రక్తపరీక్ష రెండుసార్లు చేయించాం, రెండోసారి అంకె తగ్గింది. కొత్త రంగు కొనేటప్పుడు మాత్రం డబ్బా తిప్పి తిప్పి చూశాను, సీసం లేదని రాసి ఉందా లేదా అని, కొట్టతను విసుక్కునేదాకా.